పంపవలసిన ఇసుక

బిట్రగుంట నుంచి కార్డు వచ్చింది. అందులో మూడే వాక్యాలున్నాయి. "మా నాన్నగారు పోయిన మంగళవారం పగలు పదకొండు గంటలకు ప్రభువునందు నిద్రించినారు. సమాధి బుధవారం జరిగినది. మీకు ఇవ్వమని ఒక సీసా పెట్టి పోయినారు, వీలున్నప్పుడు వచ్చి తీసుకుపోగలరు." కింద ఆయన కూతురి సంతకం ఉంది.

ఆయన పేరు చెప్పినా మీలో చాలామందికి తెలియదు. బోగోలు తీరంలో కూడా ఆయనను పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు, ఇన్‌స్పెక్టరయ్య అనేవాళ్లు. సర్కారువారి ఉప్పుచేపల యార్డుకు ఆయన ఇన్‌స్పెక్టరు. యార్డంటే పెద్దదేమీ కాదు. ఇసుక దిబ్బ మీద కర్రల కంచె, లోపల రెండు తాటాకు పాకలు, ఉప్పు బస్తాలు పెట్టిన పెంకుల గది ఒకటి. పక్కనున్న పట్టపుపాలెం జాలరి ఆడవాళ్లు చేపను కంచె లోపలికి తెచ్చి, అక్కడే కోసి, అక్కడే ఊరబెట్టుకుంటే సర్కారు తక్కువ ధరకు ఉప్పు ఇచ్చేది. ఆ ఉప్పు దారి తప్పకుండా చూడడం, చేప సరిగా ఊరిందో లేదో చూడడం ఆయన పని.

నేను అప్పట్లో కావలిలో విలేకరిని. ఆయన నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద.

సైకిలు మీద వచ్చేవారు. ఇసుక మొదలయ్యే చోట దిగి, మిగతా దూరం సైకిలును భుజాన వేసుకుని నడిచేవారు. కంచె దగ్గర చెప్పులు విడిచేవారు. అధికారులు వచ్చినా అక్కడ విడవమనేవారు. బస్తా విప్పినప్పుడల్లా ఒక రవ్వ ఉప్పు నాలుక మీద వేసుకుని, కళ్లు మూసుకుని నిలబడేవారు. దాని మీద ఆడవాళ్లకు ఒక ఆట ఉండేది.

"అయ్యా, మీ ఇంటామె కూరలో ఉప్పెయ్యదంట గదా, నువ్వు ఈడే తినొస్తావని?"

"వేస్తుందమ్మా. నా చేత చీటీ రాయించుకుని వేస్తుంది."

చీటీల పిచ్చి నిజంగానే ఉండేది. ప్రతి బస్తా నుంచీ చిన్న సీసాలో నమూనా తీసి, దాని మీద కాగితం అంటించి, ఎర్ర సిరాతో రెండు వరుసలు రాసేవారు. మొదటి వరుసలో ఎక్కడిదో రాసేవారు. రెండో వరుసలో దాన్ని ఏం చేయాలో రాసేవారు. ఉంచవలసినది, పారవేయవలసినది, పంపవలసినది. ఈ మూడు మాటల్లో ఏదో ఒకటి లేని సీసా ఆయన గదిలో నేను చూడలేదు.

ఎవరైనా చేప ఊరకనే ఇస్తే తీసుకునేవారు కాదు. తూకం దగ్గర అబద్ధం ఆడిన మనిషి కాదు. "ఇన్‌స్పెక్టరయ్య చెప్పినాడు" అంటే పాలెంలో తగువు అక్కడితో ఆగేది. ఆయన తరచుగా అనే మాట ఒకటి ఉంది. "ఉప్పు తక్కువైతే వారానికి తెలుస్తుంది. మాట తక్కువైతే ఏళ్లకు తెలుస్తుంది." అప్పుడు దాన్ని ఉద్యోగి చెప్పే నీతివాక్యంగా విన్నాను.

యాభైల చివర్లో యార్డు మూసేస్తారన్న మాట పుట్టింది. చేప తగ్గిందని, ఖర్చు గిట్టడం లేదని పై అధికారుల లెక్క. యార్డు పోతే చవక ఉప్పు పోతుంది, పాలెం ఆడవాళ్లు పచ్చి చేపను వ్యాపారులు అడిగిన ధరకు తెగనమ్ముకోవాలి. సరిగ్గా ఆ రోజుల్లోనే సర్కారు ఎగుమతుల మీద పడింది. విదేశీ మారకం కావాలి, ఏది దొరికితే అది ఓడ ఎక్కించాలి. ఒకరోజు మద్రాసు నుంచి ఒక అధికారి వచ్చి, యార్డు పాకలో గోడకు దేశపటం తగిలించి, సముద్రం మధ్యలో బెత్తం పెట్టి చూపించాడు.

"ఇది మారిషస్. ఇంకా ఇంగ్లీషువాళ్ల ఏలుబడిలోనే ఉంది. చెరుకు తోటల్లో పనికి పోయిన మనవాళ్లు అక్కడ చాలామంది ఉన్నారు. వాళ్లకు ఉప్పుచేప ఇష్టం. మంచి సరుకు పంపగలిగితే ఏటా కొంటారు. యార్డు నిలబడుతుంది."

ముందు వరసలో కూర్చున్న కాటమ్మ లేచి పటం దగ్గరికి పోయింది. అప్పటికే ఆమెకు డెబ్బై దగ్గర పడుతోంది. ఆ చుక్క మీద వేలు పెట్టింది. వేలు కింద దీవి కనబడలేదు.

"ఇదేనా మోరీసు?"

"అవునమ్మా."

"ఇంత చుక్కలో మా అన్న యాడ దాక్కొని ఉండాడయ్యా, అరవై ఏండ్ల నుంచి?"

ఆడవాళ్లందరూ నవ్వారు. అధికారి కూడా నవ్వాడు. నా పక్కన కూర్చున్న ఇన్‌స్పెక్టరు గారు నవ్వలేదు. కాటమ్మ అన్న కథ ఆయనకు తెలుసు. ఆమెకు పాలపళ్లు ఊడే వయసులో, కరువు ఏట, అన్న మద్రాసుకు నడిచిపోయాడు. మోరీసు ఓడ ఎక్కుతానని చెప్పి పోయాడు. ఎక్కాడనీ ఎక్కలేదనీ కబురు లేదు. చనిపోయాడన్న ఆధారం లేదు కాబట్టి వాళ్ల ఇంట్లో ఎవరూ అతనికి కర్మ చేయలేదు.

అధికారి ఒక షరతుల కాగితం ఇచ్చి పోయాడు. అందులో మొదటిది ఇసుక. అంతకుముందు వేరే తీరం నుంచి పోయిన సరుకులో ఇసుక ఉందని అక్కడివాళ్లు ఫిర్యాదు చేశారట. నమూనా సరుకులో ఏ ఒక్క మూటలో ఇసుక కనబడినా మొత్తం తిరస్కరిస్తారు.

తరతరాలుగా ఇసుక మీద ఎండబెట్టిన ఆడవాళ్లకు ఇది చెప్పడం ఇన్‌స్పెక్టరు గారి వంతయింది. తుంగ చాపలు తెప్పించారు. పొద్దున్నే తానే పరిచి, గాలికి లేవకుండా అంచుల మీద రాళ్లు పెట్టేవారు.

"మా చేపకు పడక వేస్తివి అయ్యా, మా ముసలోడు ఇంకా నేల మీదనే పడుకోనుండాడు" అంది ఒకామె.

"మీ ముసలాయన్ను మారిషస్ పంపేదుంటే చెప్పు, ఆయనకూ వేస్తాను."

ఆ నెల రోజులు ఆయన చాపల మధ్య వంగి తిరగడం నేను చూశాను. కాకుల్ని ఆయనే తోలేవారు. ఊరిన సొరచేప ముక్కను రెండు వేళ్లతో వంచి, వెలుతురుకు ఎత్తి చూసేవారు.

ఇక్కడ ఆ పాలెం ఆచారం ఒకటి చెప్పాలి. కూతురు అత్తగారింటికి పోయాక తల్లి ఏటా ఎండుచేపల మూట పంపుతుంది. మూట నడిమధ్యలో పుట్టింటి ముడి పెడుతుంది. తల్లి పాత చీర అంచు చింపి రెండు పీలికలు చేస్తారు. ఒక పీలికలో గడప ముందరి ఇసుక గుప్పెడు, చిటికెడు పసుపు, ఒక ఉప్పు బెడ్డ పెట్టి ముడి వేస్తారు. రెండో పీలికను ఇంటి చూరుకు కడతారు. మూట అందుకున్న కూతురు ఆ ఇసుకను తన గడపలో పోసుకుని, అదే గుడ్డలో తన ఊరి ఇసుక కట్టి తిప్పి పంపాలి. చదువు లేనివాళ్లకు అదే జాబు. చేప అందింది, మనిషి బాగుంది అని అర్థం. ముడి తిరిగి వస్తే చూరు పీలికను విప్పి రెండూ కలిపి కడతారు. రాకపోతే పంపినవాళ్లు వెతుక్కుంటూ బయలుదేరాలి.

సరుకు రైలుకు పోయే ముందు రోజు మధ్యాహ్నం ఇన్‌స్పెక్టరు గారు మూటలన్నీ విప్పి చూస్తుంటే నేను పక్కన కూర్చుని రాసుకుంటున్నాను. పాకలో మేమిద్దరమే ఉన్నాం. ఆడవాళ్లు భోజనాలకు పోయారు. ఏడో మూటలో ఆయన చెయ్యి ఆగింది. బయటికి తీసిన చేతిలో ముదురు ఎరుపు పీలిక ముడి ఉంది. దాన్ని చూడగానే అది ఎవరిదో, ఎవరి కోసమో ఆయనకు తెలిసింది. కాటమ్మ ఆ రంగు చీరే కట్టేది.

ముడిని అరచేతిలో పెట్టి నాకు చూపించారు.

"ఇది రాస్తావా?" అని అడిగారు.

"మీరు ఏం చేస్తారో చూసి రాస్తాను."

"పోస్టులో పంపుదామంటే చిరునామా ఏది? ఒక పేరు, ఒక దీవి. ఇందులోనే వదిలేస్తే, అక్కడ విప్పినవాడికి ఇది గుప్పెడు ఇసుక." ముడిని చొక్కా జేబులో పెట్టుకుని మూట కుట్టేశారు. సీసం బిళ్లతో ముద్ర వేశారు. "రాయొద్దయ్యా. రాస్తే ఎవరో ఒకరు ఆమెకు చదివి చెబుతారు."

నేను రాయలేదు. మా తీరం చేప మారిషస్‌కు పోతోందని నేను పంపిన వార్తలో చాపలున్నాయి, సీసం ముద్రలున్నాయి, అధికారి మాటలున్నాయి. ప్రతి మూటనూ విప్పి పరీక్షించారన్న వాక్యం కూడా ఉంది. విప్పితే ఏం దొరికిందో లేదు. ఆ వార్తలో తప్పు ఒక్కటీ లేదు. నా వార్తల్లో నేను తిరిగి చదవలేనిది అదొక్కటే.

నమూనా నచ్చిందని కొన్ని నెలలకు ఉత్తరం వచ్చింది. ఇసుక లేదని ప్రత్యేకంగా రాశారు. యార్డు నిలిచింది. పాలెంలో బెల్లం పంచారు.

కాటమ్మ మాత్రం చేప తెచ్చిన ప్రతిరోజూ అడిగేది.

"ముడి తిరిగొచ్చిందా అయ్యా?"

"ఇంకా రాలేదమ్మా."

"దూరం గదా. వస్తది."

రాలేదన్నది నిజమే. "ఆ ‘ఇంకా’ అన్నానే, అది అబద్ధం" అని ఆయన తర్వాత నాతో అన్నారు. ఆ మధ్యలో ఆయన ఊరకే కూర్చోలేదు. అక్కడ సరుకు దించుకున్న ఏజెంటుకు రెండు ఉత్తరాలు రాశారు, ఫలానా పేరుగల మనిషి, నెల్లూరు జిల్లావాడు, ఉన్నాడేమో కనుక్కోమని. ధరల సంగతికి జవాబు వచ్చింది గాని మనిషి సంగతికి రాలేదు.

ఏడాది తిరిగాక ఒకరోజు కాటమ్మ నెత్తిన మూట పెట్టుకుని బిట్రగుంట స్టేషనుకు నడిచిపోయింది. మోరీసుకు టికెట్టు అడిగింది. ముడి రాలేదు కాబట్టి వెతుక్కుంటూ బయలుదేరాల్సింది తనే. టికెట్లిచ్చే ఆయన మంచివాడు, కూర్చోబెట్టి నీళ్లిచ్చి యార్డుకు కబురు పంపాడు. ఇన్‌స్పెక్టరు గారు పోయి తీసుకొచ్చారు. దారిలో ఆమె తగవు పడలేదు. "నీకు చేప మూటలు చూసుకునే పనుండాది, నాకెందుకు అడ్డం పడతావు? మద్రాసులో దిగితే ఓడ వాళ్లే ఎక్కిస్తారంట గదా" అని మాత్రం అంది.

మళ్లీ పోతుందని ఆయనకు అర్థమైంది. ఈసారి రైలు కూడా ఎక్కుతుంది.

ఇక్కడి నుంచి కొంత నేను చూడలేదు, ఆయన చెప్పింది చెబుతున్నాను. ఆయనది బుచ్చిరెడ్డిపాలెం. ముసలి తల్లి అక్కడే ఉండేది. ఆ నెలలో మూడు రోజుల సెలవు మీద ఇంటికి పోయారు. పోతూ కాటమ్మ ముడిని వెంట తీసుకుపోయారు. ఒక సాయంత్రం దాన్ని విప్పి, లోపలి ఇసుకను పారబోయడానికి చెయ్యి రాక ఒక నమూనా సీసాలో పోశారు. పెన్న ఒడ్డుకు పోయి గుప్పెడు ఇసుక తీసి అదే పీలికలో కట్టారు. యార్డు చుట్టూ ఇసుకే ఉండగా అంత దూరం ఎందుకు అని అడిగాను. "ఆ ఇసుక ఆమెదే కదా. ఆమెది ఆమెకే తిప్పి ఇవ్వలేను. అబద్ధానికైనా నాది అన్నది కొంచెం ఉండాలనిపించింది" అన్నారు. మాగాణి పల్లెలో పుట్టిన మనిషి. ఆయనకు ఇసుకంతా ఇసుకే.

ముడి తీసుకుపోయి కాటమ్మ చేతిలో పెట్టారు. ఆమె ముందు చూరు పీలిక విప్పి రెండు అంచులూ కలిపి చూసింది. చినుగు చినుగుతో సరిపోయింది. కళ్లకు అద్దుకుంది. తర్వాత ముడి విప్పి ఇసుకను అరచేతిలో రుద్దింది. కొంచెం నాలుక మీద వేసుకుంది. ఆయన ఉప్పు రుచి చూసినట్టే, కళ్లు మూసుకుని.

"ఇది సముద్రం ఇసక కాదయ్యా. ఉప్పు లేదు."

ఆమె ఇంకో రవ్వ నాలుక మీద వేసుకుంది.

"ఏటి ఇసక. పెన్నది." ప్రతి ఏడూ కోతల కాలంలో ఆమె పెన్న పక్క ఊళ్లకు ఎండుచేప మోసుకుపోయి వడ్లకు మార్చుకునేది. ఆ ఇసుకలో పడుకుంది, ఆ ఇసుకలో వండుకు తింది.

ఆమె కోపం తెచ్చుకుని ఉంటే బాగుండేదని ఆయన అనేవారు. ఆమె లెక్క వేసింది. గుడ్డ తమదే. ఇసుక పెన్నది. తెచ్చిన మనిషి అబద్ధం ఆడడు.

"అయితే మా అన్న ఓడ ఎక్కలా. పెన్న దాటలా. ఈ పక్కనే యాడనో ఉండిపోయినాడు" అంది. తర్వాత అడిగింది, "నీకు ముడి యాడ ఇచ్చినారయ్యా?"

"ఆఫీసులో" అన్నారాయన. ఆయన ఆమెతో చెప్పిన రెండో అబద్ధం అది. ఆ క్షణంలో ఒక్క మాటతో అంతా సరిదిద్దవచ్చునని, అయితే ఆమె చూరు పీలికతో ముడివేస్తూ ఉందని, ఆ వేళ్లను చూస్తూ ఉండిపోయానని చెప్పారు.

ఆ ఏడాది కోతలకు కాటమ్మ పెన్న పక్కకు పోయింది. ఆ తర్వాతి ఏడూ పోయింది. చేప అమ్ముతూ ప్రతి ఊళ్లో అడిగేదట, సముద్రం పక్క నుంచి వచ్చి ఇక్కడ నిలిచిపోయిన మనిషి ఎవరైనా ఉన్నారా అని. ఇన్‌స్పెక్టరు గారు మరోసారి ఇంటికి పోయినప్పుడు తల్లి చెప్పింది.

"మీ పాలెం ఆమె వచ్చింది రా అబ్బాయ్. ఎండుచేప ఇచ్చి డబ్బు వద్దనింది. మన వాకిట్లో కూర్చుని, పోయించిన ఏటి ఇసుక తీసి నాలిక మీద వేసుకునింది. ఇదే ఇసక, ఇదే, అని రెండుసార్లనింది. పొద్దుగూకే దాకా మన ఇంటి పక్కే చూస్తా కూర్చునింది. ఈ ఇంట్లో మోరీసు పోవాలనుకున్నోళ్లు ఎవరన్నా ఉండారా అని అడిగింది. నేను లేరంటిని. మా వాడు సముద్రం కాడ ఉద్యోగం చేస్తాడంటిని."

"నా పేరు చెప్పావా?"

"నీ పేరెందుకు చెబుతాను? అడగలేదు గదా."

ఈ సంగతి ఆయన నాకు కావలి బస్టాండులో నిలబడి చెప్పారు. చెబుతున్నంతసేపూ సైకిలు గంటను బొటనవేలితో నొక్కి, మోగకుండా పట్టుకుని ఉన్నారు. ఆమెకు నిజం చెప్పేస్తానని, నన్ను కూడా రమ్మని అడిగారు. "నువ్వు చూసినవాడివి. నేను ఒక్కడినే చెబితే ఆమె నమ్మదు. నేను అబద్ధం ఆడానంటే పాలెంలో ఎవరూ నమ్మరు" అన్నారు. ఆ మాటలో గొప్ప ఏమీ లేదు, భయం ఉంది.

మరుసటి ఆదివారం చర్చిలో ఆరాధన ముగిశాక ఇద్దరం పోయాం. కాటమ్మ గుడిసె ముందు చాప మీద నెత్తళ్ల చేపలు ఎండుతున్నాయి. చాపల అలవాటు ఇళ్లకు కూడా పాకింది. మమ్మల్ని చూసి ఆమె లేచింది. చూరుకు పీలిక లేదు.

"కూర్చోండయ్యా" అని మంచం వాల్చింది. మేం నోరు తెరవకముందే, "దొరికినాడయ్యా" అంది.

ఇన్‌స్పెక్టరు గారు కూర్చోబోతూ ఆగారు.

పెన్న కింది పక్క ఒక ఊళ్లో, చాలా ఏళ్ల కింద, ఎవరూ లేని ముసలివాడొకడు చనిపోతే ఊరివాళ్లే పూడ్చారట. ఎక్కడివాడో తెలియదు. పశువులు కాసేవాడు. పిల్లలకు సముద్రం సంగతులు చెబుతూ ఉండేవాడట. ఆ ఊళ్లో ఒక ముసలామె స్థలం చూపించింది. కాటమ్మ కొడుకునూ కోడలినీ తీసుకుపోయి, పీలికలు రెండూ అక్కడ పూడ్చి, అరవై ఏళ్లుగా ఆగిపోయిన కర్మ చేసి వచ్చింది.

"వాళ్లు చెప్పిన గుర్తులన్నీ మా అన్నవే. సముద్రం మాట చెప్పినాడంటే ఇంకెవురయ్యా? ఓడ ఎక్కేదానికి పోయి, పెన్న కాడ కాళ్లు రాలేదు బిడ్డకు. ఇంటికి తిరిగి రానూ సిగ్గుపడినాడు." కొడుకును కేక వేసి మజ్జిగ తెప్పించింది. "నువ్వు ముడి తెచ్చియ్యకుంటే నేను మోరీసు మోరీసు అని సముద్రం పక్కే చూస్తా చచ్చిపోయుందును."

ఆయన నావైపు చూశారు. నేను చేతిలోని మజ్జిగ గ్లాసు వైపు చూశాను. నేనైనా నోరు విప్పవచ్చు. విప్పలేదు.

మజ్జిగ తాగి వచ్చేశాం. ఇసుకలో సైకిలు భుజాన వేసుకుని ఆయన నా ముందు నడిచారు. గట్టి నేల వచ్చాక కూడా సైకిలు దించలేదు. నేను చెప్పేదాకా ఆ సంగతి ఆయనకు తెలియలేదు.

"ఆ పూడ్చిన మనిషి ఎవరై ఉంటాడు?" అని అడిగాను.

"ఎవరో. వాడి కోసం కూడా ఎక్కడో ఎవరో చూస్తూ ఉంటారు కదా." కొంత దూరం పోయాక అన్నారు, "మన ఫారాల్లో అన్నిటికీ గడులున్నాయి. తెలియదు అని రాయడానికి గడి లేదయ్యా. ఉంటే చాలామంది బాగుపడుదురు."

మారిషస్ చేప రెండు సీజన్లు పోయింది. తర్వాత ఓడ బాడుగలు పెరిగాయని, వేరే దేశం చేప అక్కడ చవకగా దొరుకుతోందని ఉత్తరం వచ్చింది. దేశపటం ఇంకొన్నాళ్లు గోడకే ఉండి ఉప్పు గాలికి పొరలుగా రాలిపోయింది. ఎగుమతుల అధికారి మళ్లీ రాలేదు. అరవైల మధ్యలో యార్డు మూశారు. ఏ ఇసుకను తీసేసి యార్డును నిలబెట్టారో, ఆ యార్డులోకి ఇసుక గడప దాకా, తర్వాత గడప దాటి వచ్చింది. ఇప్పుడు పెంకుల గది కిటికీ సగం వరకు ఇసుకే.

ఆయన రిటైరయ్యాక బిట్రగుంట రైల్వే కాలనీలో కూతురి దగ్గర ఉన్నారు. అల్లుడు లోకోషెడ్డులో పని చేసేవాడు. నేను పోయినప్పుడల్లా ఆయన రెండు కుర్చీలు వరండాలో వేయించేవారు. బలహీనపడ్డారు గాని చీటీలు మానలేదు. వంటింట్లో ఉప్పు డబ్బా మీద కూడా ఆయన ఎర్ర అక్షరాలుండేవి. మారిషస్‌కు స్వతంత్రం వచ్చిందన్న వార్త పత్రికలో వచ్చిన వారం నేను పోయాను. ఆ పేజీ మడిచి బైబిలులో పెట్టుకున్నారు.

"ఇప్పుడు వాళ్లకు సొంత ఆఫీసులుంటాయి. పాత కూలీల పేర్లు పుస్తకాల్లో ఉంటాయంటారు. రాద్దామా?"

"రాస్తే ఏం వస్తుందనుకుంటున్నారు?"

"ఓడ ఎక్కినట్టు పేరుంటే, పెన్న దగ్గర ఉన్నది ఆయన కాదు. పేరు లేకపోతే, అయినా తెలియదు." నవ్వారు. "అయినా రాద్దాం."

ఇద్దరం కూర్చుని రాశాం. ఇంగ్లీషు నాది, దస్తూరీ ఆయనది. కాటమ్మ అప్పటికి పోయి ఏడాది దాటింది. ఆమెను మట్టి చేసేటప్పుడు ఆయన వెళ్లారు. వెనక వరసలో నిలబడి, దోసెడు మట్టి వేయకుండానే తిరిగి వచ్చారని ఆమె కోడలు తర్వాత నాకు చెప్పింది. ఆ ఉత్తరానికి ఈ రోజు వరకూ జవాబు లేదు.

కార్డు అందిన నాలుగో రోజున బిట్రగుంట పోయాను. ఆయన కూతురు సీసా తెచ్చి ఇచ్చింది. యార్డు నమూనా సీసాయే, బిరడా మూత. లోపల మూడు వంతులు ఇసుక, అక్కడక్కడా పసుపు మరక, మధ్యలో ముడిలోని ఉప్పు బెడ్డ. చీటీ మీద ఎర్ర సిరా వెలిసింది గాని చదవడానికి వస్తుంది. మొదటి వరుస, పట్టపుపాలెం, కాటమ్మ గడప. రెండో వరుస, పంపవలసినది.

"చివరి వారం రోజూ అడిగినాడు, సీసా భద్రంగా ఉందా అని. అదేంది నాన్నా అంటే, నాది కాదు, చేర్చాల్సినది అన్నాడు. మీకు తెలుసునని చెప్పినాడు" అంది ఆమె.

అక్కడి నుంచి నేరుగా పాలెం పోయాను. కాటమ్మ కోడలు గడపలో కూర్చుని కూతురికి పంపే మూట కుడుతోంది. చూరుకు కొత్త పీలిక వేలాడుతోంది, ఆకుపచ్చది. ఆమెకు జరిగిందంతా చెప్పాను, ఏడో మూట దగ్గర మొదలుపెట్టి, ఒక్కటీ వదలకుండా. పదేళ్లు ఆలస్యంగా రాసిన వార్త అనుకోండి. ఆమె సూది ఆపి విన్నది. నేను బిరడా తీసి ఇస్తే కొంచెం చేతిలో పోసుకుని రుద్దింది.

"మాదే" అంది. చేతిలోది ఒక్క రవ్వ కూడా రాలకుండా మళ్లీ సీసాలో పోసింది. మూత పెట్టి నా చేతికిచ్చింది.

"మీ ఇంటిది కదమ్మా. ఉంచుకో."

"ఎట్టా ఉంచుకుంటానన్నా? మా అత్తకు ఆయన దొరికినాడు. కర్మ అయిపోయినాది. ఇది గడప లోపలికొస్తే ఆయన మళ్లీ తప్పిపోయినట్టే గదా. మళ్లీ ఎవురు పోవాల వెతికేదానికి?"

"పోనీ, ఈ ఇసుకలోనే కలిపేద్దామా? సముద్రంలో వేద్దామా?"

"ఎవురి పేరు చెప్పి వేస్తావు?"

నేను సీసాను సంచిలో పెట్టుకున్నాను. ఆమె మళ్లీ సూది అందుకుంది. తల ఎత్తకుండానే, "ఇన్‌స్పెక్టరయ్య చాపలు ఇప్పటికీ వేస్తుండాము అన్నా. ఇసక తగలనీము" అంది.

సీసా ఇప్పుడు నా బల్ల మీద ఉంది. చీటీ నేను మార్చలేదు. మామూలు రోజుల్లో అది ఉట్టి ఇసుక సీసా. తూర్పు గాలి తిరిగి, సముద్రం మీద ముసురు పట్టినప్పుడు, లోపలి ఉప్పు బెడ్డ చెమ్మ లాగుతుంది. ముందు ఇసుక నల్లబడుతుంది. తర్వాత గాజుకు లోపలి వైపు సన్నగా చుక్కలు పడతాయి. బయట గుడ్డతో ఎంత తుడిచినా అవి పోవు.